ఎండాకాలం బొంతా, నా ఎర్ర పావడ ముక్కా

ఎండాకాలం బొంత అంటే ఇక్కడ హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు నవ్వుతారు, ఎండాకాలంలో బొంతేంటండీ అని. మిద్దె మీద పడుకుని పెరిగిన వాళ్ళకైతే చెప్పక్కర్లేదు. పగలంతా కాలిన మిద్దె మీద సాయంత్రం నాలుగు బిందెల నీళ్ళు కుమ్మరిస్తే బుస్సుమని ఆవిరి లేస్తుంది, అది ఆరాక చాప వేసి దాని మీద మెత్తటిది ఏదో ఒకటి పరవకపోతే కింద నుంచి వేడి వీపుకి కొడతానే ఉంటుంది, మళ్ళీ తెల్లారుజాము నాలుగింటికేమో గాలి చల్లబడి ఒళ్ళు జిల్లుమంటుంది, అప్పుడు అదే బొంతని ఒక పక్క నుంచి లాక్కుని పైన కప్పుకోవడమే. కింద పరుపూ అదే, పైన దుప్పటీ అదే.

మాది కందుకూరు పక్కన పల్లె. ఏ జిల్లా అని మాత్రం అడగమాకండి. అమ్మమ్మ పెళ్ళయి ఆ ఇంటికి వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా అని కొత్తది చేసి మమ్మల్ని అందులో కలిపారు, రెండేళ్ళకి దానికి ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. మా ఇంటి గడప మాత్రం అంగుళం కూడా జరగలేదు.

1986 ఎండాకాలం అది. ఏడో తరగతి పరీక్షలు రాసేసి సింగరాయకొండలో రైలు దిగి బస్సెక్కి అమ్మమ్మ ఊరు చేరా. నేను వెళ్ళేసరికే నట్టింట్లో ట్రంకు పెట్టె తెరిచి ఉంది, ఇల్లంతా కలరా ఉండల వాసన. అమ్మమ్మ, పిన్నమ్మ ఇద్దరూ చెరో పక్కన కూర్చుని పాత చీరలు గుట్టలు పోస్తున్నారు. "వచ్చినావా, ఆ కాళ్ళు కడుక్కోని రా మే, రోహిణి కార్తె లోపల బొంత అయిపోవాల" అనింది అమ్మమ్మ, కనీసం పరీక్షలు ఎట్టా రాశావు అని కూడా అడక్కుండా.

చలికాలం బొంతకి ఇంత తతంగం ఉండదు. చిరిగిన దుప్పట్లు, తాత పాత చొక్కాలు, ఏది పడితే అది లోపల కుక్కి నాలుగైదు పొరలు వేసి పైన ఒక ముదురు రంగు చీర కప్పి కుట్టేస్తారు, మట్టి కనపడకుండా ఉంటే చాలు. ఎండాకాలం దానికి రెండే పొరలు. కింద తాత పంచె, పైన అతుకులు, అంతే. లోపల దాచుకోడానికి చోటు లేదు కాబట్టి ఒక్కో ముక్కా ఏరుకోవాలి. అయిదు మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు, జానెడు చదరం ముక్కలు, అంటే పొడుగుకి పది, అడ్డానికి ఎనిమిది, మొత్తం ఎనభై. ఈ లెక్క అమ్మమ్మ వేళ్ళ మీద వేసింది, నేను లెక్కల్లో తొంభై తెచ్చుకుంటానని గొప్పలు చెప్పుకునేదాన్ని కదా, నాకంటే ముందే చెప్పేసింది.

మొదటి పని, పనికిమాలిన గుడ్డ ఏరి పారేయడం. అప్పట్లో నైలెక్సు చీరల మోజు బాగా ఉండేది, ఉతికితే నిమిషంలో ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు వెలవదు. పిన్నమ్మ దగ్గర అవే ఎక్కువ. అందులో ఒక చిలకపచ్చ చీర, దాని మీద తెల్ల పూలు, నాకైతే కళ్ళు అతుక్కుపోయాయి. అమ్మమ్మ దాని కొసనుంచి ఒక పోగు లాగి దీపం మీద పెట్టింది. చటుక్కున ముడుచుకుపోయి కొసన నల్లటి చిన్న గోళీ కట్టింది, కాలిన ప్లాస్టిక్ కంపు. తర్వాత తన పాత నేత చీర పోగు పెట్టింది, అది కాగితంలా భగ్గున కాలి వేళ్ళ మధ్య నలిపితే బూడిదై రాలిపోయింది. "బూడిదయిందా నూలు, గోళీ కట్టిందా నీ చెమట తాగదు" అంతే, ఇక వాదన లేదు. చిలకపచ్చ చీర మళ్ళీ పెట్టెలోకి పోయింది. పిన్నమ్మకి మాత్రం మనసులో సంతోషమే, తన చీరకి కత్తెర పడలేదు కదా.

నూలు చీరలన్నీ కూడా పనికిరావు. అమ్మమ్మ ఒక్కో చీరనీ వసారా చివర నిలబడి రెండు చేతులా చాచి పొద్దుకి ఎదురు పట్టుకునేది. నడుం దగ్గర దోపుకున్న చోటా, కాలి మడమ తగిలే చోటా నేత పల్చబడి జల్లెడలా వెలుతురు కారుతుంది, అక్కడ కత్తిరించి అవతల పడేసేది. అంచు పక్కన గట్టిగా ఉంటుంది, పైటకొంగు మధ్యలో ఇంకా గట్టిగా ఉంటుంది. చీర ఎంత పాతదైనా ఏడెనిమిది జానెడు ముక్కలు వచ్చేవి. తర్వాత ఆ ముక్కని చెంపకి ఆనించుకుని ఒక క్షణం కళ్ళు మూసుకునేది. నాకు నవ్వొచ్చేది, ఫోన్ మాట్లాడుతున్నట్టుండేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నా, షాపులో సేల్స్ కుర్రాడు వింతగా చూస్తాడు.

చేతిలో ఉందా లేదా అన్నట్టుండే గుడ్డ ఒకటుంది, అమ్మమ్మ వెంకటగిరి చీర, ఉల్లిపొర రంగు. వందో నంబరు నూలు అని గొప్పగా చెప్పేది, నంబరు పెరిగే కొద్దీ పోగు సన్నమని అప్పుడే తెలిసింది నాకు. అంచుకి సన్నటి జరీ. జరీ ఉంటే పిల్లల ఒంటికి గీరుకుంటుందని అంచంతా విప్పేసింది. ఆ రోజుల్లో పాత జరీకి స్టీలు సామాన్లు ఇస్తామని కేకలేసుకుంటూ వచ్చేవాళ్ళు గుర్తున్నారా, ఆ చీర అంచుకి మాకో స్టీలు గిన్నె వచ్చింది. బేరం దగ్గర అమ్మమ్మ అరగంట గొడవ పడి మూత కూడా ఇప్పించుకుంది. చీర కన్నా గిన్నె ఎక్కువ కాలం బతికింది, మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఉంది, అందులో చింతపండు నానేస్తుంది.

మామ నీలం గళ్ళ లుంగీ ఒకటి, జాకెట్లు కుట్టగా మిగిలిన టూ బై టూ రూబియా ముక్కలు కొన్ని, అవి కందుకూరులో టైలర్ దగ్గర సంచిలో పోగేసుకొచ్చాం. ఇంకా ముక్కలు చాలక మూటాయన కోసం ఎదురుచూశాం. ఆయన చీరాల పక్కన జాండ్రపేట నుంచి వచ్చేవాడు, సైకిల్ వెనక తనంత ఎత్తు మూట. ఆయన బట్టలు చూపించే ముందు కథలు చెప్పాలి, అది రూలు. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టం పొమ్మని చీరాల పేరాల జనం ఇళ్ళకి తాళాలేసి ఊరి బయట రామనగరంలో పందిళ్ళు వేసుకుని ఉన్నారని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు నడిపించారని, వాళ్ళ నాయన అప్పుడు చంకలో పిల్లోడని, ఇదంతా అయితేగానీ ముడి విప్పేవాడు కాదు. ఆయన దగ్గర గచ్చకాయ రంగు చీర ఒకటి తగ్గించిన రేటుకి తీసుకుంది అమ్మమ్మ, మడత మీద మరక ఉందని చూపించి. కొత్త గుడ్డ కాబట్టి ఒక రాత్రి నీళ్ళలో నానేసి గంజి పోయేదాకా మూడుసార్లు ఉతికి ఆరేసింది. పాత చీర ఎన్నేళ్ళ నుంచో నీళ్ళు తాగి ముడుచుకోవాల్సినంత ముడుచుకుని ఉంటుంది, కొత్తది పక్కన అట్టాగే కుట్టేస్తే తర్వాత ఉతుకుకి అది ఒక్కటే ముడుచుకుని బొంతంతా అప్పడంలా వంకర్లు పోతుంది.

ఇక రంగులు. ఇక్కడ అమ్మమ్మ గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు పొగాకు పంట కదా, బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే వేడి కొట్టంలో, కాల్చిన ఆకుని రంగు చూసి గ్రేడులు చెయ్యడం ఆడవాళ్ళ పని, అమ్మమ్మ చిన్నప్పటి నుంచి చేసిన పని. నిమ్మపండు పసుపు ఆకు ఒక కుప్ప, నారింజ పాలు కలిసింది ఒక కుప్ప, గోధుమ రంగు ఒకటి, పచ్చి చాయ మిగిలింది ఒకటి. మనకి అన్నీ ఒకటే లాగుంటాయి, అమ్మమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ చూడకుండా విసిరినట్టే విసిరేది, సరిగ్గా దాని కుప్పలోనే పడేది. ఆ పని ఎప్పుడూ నీడలోనే చేస్తారు. "ఎండలో చూస్తే అన్ని ఆకులూ బంగారమే" అనేది. గుడ్డ ముక్కలకీ అదే పద్ధతి, పొద్దున్నే వసారా నీడలో చాప మీద పరిచి చూడాలి, మధ్యాహ్నం అయితే ఆ పనే ముట్టదు.

చాప మీద ముక్కలన్నీ పరిస్తే ఎంత బాగుండేదో. ఉల్లిపొర, గచ్చకాయ, మామిడిపిందె, లేత కనకాంబరం, మెంతి రంగు, లుంగీ నీలం. ఇప్పుడు ఈ పేర్లు చెప్తే మా అమ్మాయి పీచ్ అనొచ్చు కదమ్మా, గ్రే అనొచ్చు కదమ్మా అంటుంది. అనొచ్చు, కానీ గచ్చకాయ రంగుకీ గ్రేకీ తేడా ఉంది, గచ్చకాయ అరచేతిలో వేసుకుని చూసిన వాళ్ళకి తెలుస్తుంది. మెంతిరంగు ముక్క ఒకటి పట్టుకుని అమ్మమ్మ తాతని పిలిచి, "ఇది మొదటి రకం ఆకేనా" అని అడిగింది, ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి "రెండో రకం, వేలంలో రేటు రాదు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు, మాకు అర్థం కాలేదు.

వీటన్నిటి మధ్యలో తెల్లవి చాలా ఉన్నాయి, ఇరవైకి పైనే. ఒకే చీర లోవి. అంచు లేదు, పువ్వు లేదు, గీత కూడా లేదు. ఉతికి ఉతికి పాలమీగడ రంగుకొచ్చి తాకితే వెన్నలా ఉండేది. ఎవరిది అమ్మమ్మా అంటే "ముందు ముక్కలు లెక్కపెట్టు మే" అనింది.

నాకు మాత్రం ఆ రంగులన్నీ నీరసంగా కనిపించాయి. ఎండాకాలం అంటే మామిడిపళ్ళు, పుచ్చకాయలు, తిరణాల, ఎర్రగా ఉండొద్దా? నాది పొట్టయిపోయిన ఎర్ర పావడ ఉంది, తెల్ల చుక్కలది. నడిమధ్యన నాలుగు ముక్కలు వెయ్యి అమ్మమ్మా అని వెంటపడ్డా. "ఎర్రగుడ్డ యాడన్నా ఎండాకాలం బొంతకి ఏస్తారా మే?" అనింది. ఎందుకు వెయ్యరు అంటే చెప్పలా.

ఆ రాత్రి చూపించింది. వైశాఖ పౌర్ణమికి రెండు రోజులు ముందు, కరెంటు ఎట్టాగూ లేదు, బుట్టలో ముక్కలన్నీ వేసుకుని మిద్దె మీదకి రమ్మనింది. చాప మీద నా చేతే పరిపించింది. "ఇప్పుడు నీ ఎర్రది యాడుందో చూపీ" అనింది. వెతికా. తెల్లవి పాలు పోసినట్టు వెలుగుతున్నాయి, లుంగీ నీలం పగటి కంటే తేటగా ఉంది, మామిడిపిందె రంగు బూడిద పూసినట్టున్నా కనిపిస్తోంది. నా ఎర్ర ముక్కలున్న చోట నాలుగు నల్లటి గుంటలున్నాయి, వాటిలో తెల్ల చుక్కలు మాత్రం తేలుతున్నాయి. చీకట్లో మన కంటికి ముందు మాసిపోయే రంగు ఎరుపేనని, నీలం చాలాసేపు నిలబడుతుందని నేను డిగ్రీలో ఎప్పుడో చదువుకున్నా. అమ్మమ్మ ఏ పుస్తకం చదవలేదు. "పగలు ఎవరన్నా బొంత మీద పడుకుంటారా? దీన్ని చూసేది ఈడ, ఈ యేళప్పుడు" అనింది. తర్వాత అక్కడే ముక్కలు అటు ఇటు మార్చింది, రెండు ముదురువి పక్కపక్కన పడకుండా, ప్రతి వరసలో తెల్లది ఉండేట్టు. నేను దీపం తెస్తానంటే వద్దంది.

అయినా నాకు ఎర్రది కావాలి. మర్నాడు అన్నం తినలేదు. తాత చూసి "పిల్ల అంత అడగతా ఉంటే ఒక్క ముక్క ఏస్తే నీ సొమ్మేం పోయింది" అన్నాడు. సరే, ఒకటంటే ఒకటే, అదీ కాళ్ళ వైపు మూలన, అని ఒప్పుకుంది. కానీ అది రెండు రాత్రులు ఉప్పునీళ్ళలో నానేసి, నీళ్ళు తెల్లగా వచ్చేదాకా ఉతికి, తెల్లగుడ్డ తడిపి దాని మీద రుద్ది రంగు అంటలేదని చూపిస్తేనే కుడతానంది. మూటాయన కూడా అప్పుడు అక్కడే ఉండి, మా ఊళ్ళో వెనకటి తేలియా రుమాళ్ళ ఎరుపు అయితే భయం లేదమ్మా, నూలుని నూనెలో బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానేసి అద్దేవాళ్ళు, అరబ్బు దేశాలకి పోయేయి, ఎన్ని ఉతుకులైనా చెక్కుచెదరదు, ఇది బజారు రంగు, నమ్మమాకండి, అన్నాడు. ఆయన్ని ఎవరడిగారని నాకు కోపం.

నేను నానేశానా? లేదు. ఆ రోజు మామ వాళ్ళు ముంజకాయలు దించడానికి తోపుకి పోతున్నారు, నేనూ పోయా. సాయంత్రానికి గుర్తొచ్చి ఒకసారి నీళ్ళలో ముంచి పిండి ఆరేసి, "అయిపోయింది అమ్మమ్మా, చూశా, అంటట్లా" అని చెప్పేశా. నోట్లో ముంజ ఉంది అప్పుడు, అది కూడా గుర్తే.

కుట్టు అయిదు రోజులు పట్టింది. వసారాలో పంచె పరిచి నాలుగు మూలలా సన్నికల్లు, రాళ్ళు పెట్టి, పైన అతుకుల గుడ్డ పరిచి నడిమధ్య నుంచి బయటికి టాకాలు వేసుకుంటూ పోయారు, అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో బుడిపె మిగిలిపోతుందట. అమ్మమ్మ ఒక చివర, పిన్నమ్మ ఒక చివర, వేలెడు దూరంలో వరసలు, దారానికి కొవ్వొత్తి రుద్దుకుంటూ. తలుపుకి తడి గోనెపట్టా కట్టేవాళ్ళం, వడగాడ్పు కొడితే దాని మీద నీళ్ళు చల్లడం నా డ్యూటీ. అమ్మమ్మ కుట్టు బియ్యపు గింజంత, పిన్నమ్మది కందిగింజంత, బొంత తిప్పి చూస్తే ఎవరు ఎక్కడిదాకా వచ్చారో తెలిసిపోయేది. చివర్లో చుట్టూ తాత పంచె అంచు తిప్పి కుట్టారు. పది రోజులు హాయిగా పడుకున్నాం.

మొదటి ఉతుకు రోజు బావి దగ్గర బొంత పిండి తీగ మీద వేస్తుంటే కాళ్ళ వైపు మూలన ఎర్ర ముక్క నుంచి పక్క తెల్ల ముక్కలోకి, దాని కిందదానిలోకి గులాబి రంగు పాకింది, మూడు తెల్ల ముక్కలకి, ఒకటి పూర్తిగా, రెండు సగం సగం. అమ్మమ్మ నా వైపు చూసింది. "ఉప్పునీళ్ళలో నానేసిన గుడ్డేనా మే ఇది?" నాకు ఏడుపు ఆగలా. ఆమె ఆ తడి ముక్కని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు అట్టే నిలబడి, తిట్టుద్దనుకుంటే, "పోన్లే. ఇన్నాళ్ళకి మా అమ్మకి రంగు కట్టినావు" అనింది.

నాకేం అర్థం కాలేదు. రాత్రి పిన్నమ్మ చెప్పింది. ఆ తెల్లచీర ముత్తవ్వది, ఇరవై ఆరేళ్ళప్పుడు ముత్తాత పోతే అప్పటి నుంచి పోయేదాకా అంచు లేని తెల్లచీరే కట్టిందంట, అమ్మమ్మ పెళ్ళిలో కూడా పక్క గదిలోంచి చూసిందే గానీ పందిట్లోకి రాలేదంట. తర్వాత ఆ గులాబి మరక పోగొట్టడానికి పిన్నమ్మ నిమ్మకాయ రుద్దుతానంటే అమ్మమ్మ వద్దంది. ఎన్ని ఎండలకి ఆరేసినా ఆ మరక కొద్దికొద్దిగా వెలిసింది గానీ పూర్తిగా పోలా.

ఇప్పుడు ఎందుకిదంతా అంటే, మా అమ్మాయి బెంగళూరు నుంచి వాళ్ళ పాపకి సమ్మర్ క్విల్ట్ కుట్టివ్వమంది, నిమ్మకాయలు, పుచ్చకాయ ముక్కలు ఉన్న ప్రింట్ల ఫొటోలు పంపింది. ఒక పెద్ద షాపులో ప్యూర్ కాటన్ అని బోర్డు పెట్టి అమ్మే బట్ట మీటర్ తెచ్చి గ్యాస్ పొయ్యి దగ్గర పోగు కాల్చా. గోళీ కట్టింది. వాపసు తీసుకోమంటే కట్ చేసిన బట్ట తీసుకోం మేడమ్ అన్నారు. దాన్ని మిక్సీ మీద కవర్ చేశా. తర్వాత నేత బట్టలు నాలుగు రకాలు కొన్నా, మా ఆయన పాత కాటన్ చొక్కాలు రెండు, నా వెంకటగిరి చీర ఒకటి, కత్తెర పెట్టేటప్పుడు చెయ్యి వణికింది గానీ పెట్టేశా. పాప ఎర్రది కావాలంటోందట, వీడియో కాల్‌లో గట్టిగా చెప్పింది. నానేశా, ఈసారి నిజంగానే, నాలుగు రాత్రులు.

మొన్న పౌర్ణమికి ముక్కలన్నీ సంచిలో వేసుకుని రాత్రి పదకొండింటికి టెర్రస్ ఎక్కా. వెన్నెల ఉంది గానీ మూలన పెద్ద ఎల్‌ఈడీ లైటు ఒకటి వెలుగుతోంది, దాని వెలుగులో అన్నీ తెల్లగా పాలిపోయినట్టున్నాయి. స్విచ్ వెతికి ఆపేసి, వాటర్ ట్యాంక్ పక్కన చాప వేసి పరుస్తున్నా. లైటు పోయిందేంటని వాచ్‌మన్ పైకొచ్చాడు. మోకాళ్ళ మీద నేను, చుట్టూ గుడ్డ ముక్కలు. "ఏం పోయింది మేడమ్, ఉంగరమా?" అన్నాడు. ఏం లేదు బాబూ, రంగులు చూసుకుంటున్నా అన్నా. అయ్యో చీకట్లో ఎట్లా కనపడతయ్ మేడమ్ అని పాపం సాయంగా టార్చి వేశాడు.